పేనుబంక వేసవి గుడ్డు: అసలు అది గుడ్డేనా అన్న పాత తగాదా

వేసవిలో లేత చిగురు మీద నాలుగు పేనుబంక పురుగులు కనిపించాయంటే, కొద్ది రోజుల్లోనే ఆ చిగురంతా కమ్ముకుపోతుంది. వాటిలో మగపురుగు ఉండదు. ఎక్కడా గుడ్లు కూడా కనిపించవు. ఆడపురుగు నేరుగా పిల్లల్ని కంటుంది. చలి ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో అదే జాతి శరత్కాలంలో మగపురుగులను కూడా పుట్టిస్తుంది, జతకడుతుంది, గట్టి పెంకు ఉన్న గుడ్లు పెడుతుంది. ఒకే జాతి ఈ రెండు పనులూ ఎలా చేస్తోందో అర్థం కావడానికి రెండు వందల ఏళ్లకు పైనే పట్టింది.

మొదట ఇందులో చిక్కుకున్నది డచ్ సూక్ష్మదర్శిని నిపుణుడు లేవెన్‌హుక్. 1695లో ఆయన పేనుబంకను కోసి, గుడ్ల కోసం వెతికాడు. గుడ్లు దొరకలేదు కానీ, అచ్చం తల్లిలాగే ఉన్న బుల్లి పురుగులు లోపల కనిపించాయి. మగపురుగు లేకుండానే ఇదంతా జరుగుతోందా అన్న అనుమానాన్ని తీర్చినవాడు జెనీవాకు చెందిన షార్ల్ బోనే. 1740 మే 20న, తనకు ఇరవై ఏళ్ల వయసులో, అప్పుడే పుట్టిన ఒక పేనుబంక పిల్లను విడిగా ఒక కొమ్మ మీద పెట్టి గాజు పాత్రతో మూసేశాడు. రోజూ గంట గంటకూ చూస్తూ లెక్క రాసుకున్నాడు. మగపురుగు పొడ తగలకుండా పెరిగిన ఆ ఒక్క పురుగు 95 పిల్లల్ని కన్నది. ఆ తర్వాత ఇదే పద్ధతిలో తరం తర్వాత తరం పెంచినా ఫలితం మారలేదు. ఇంత ఓపికతో చేసిన ప్రయోగాలు ఆ శతాబ్దంలో ఎక్కువ లేవు.

మగపురుగు అక్కర్లేదని తేలింది సరే, మరి పిల్ల దేని నుంచి పుడుతోంది? అసలు తగాదా ఇక్కడ మొదలైంది. ఎప్పుడో జరిగిన ఫలదీకరణం తాలూకు శక్తి, కణాల ద్వారా తరాలు దాటి వస్తోందని 1849లో ఇంగ్లండు శరీర నిర్మాణ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ వాదించాడు. 1858లో అక్కడి జీవశాస్త్రవేత్తే అయిన థామస్ హక్స్‌లీ ఆ వాదాన్ని తోసిపుచ్చాడు. అయితే వేసవి ఆడపురుగులో ఉన్నవాటిని నిజమైన గుడ్లని ఒప్పుకోవడానికి ఆయనకూ మనసు రాలేదు. మిథ్యా గుడ్లు, మిథ్యా అండాశయం అంటూ వేరే పేర్లు పెట్టాడు. హక్స్‌లీ చూసింది సరిగానే చూశాడు కానీ, ఆ పేర్లు మాత్రం వేసవి గుడ్డుకూ శరత్కాలపు గుడ్డుకూ మధ్య అవసరం లేని గోడ కట్టాయని నాకనిపిస్తుంది.

సూక్ష్మదర్శిని కింద చూస్తే ఆ గోడ నిలవదు. పేనుబంక అండాశయం కొన్ని సన్నని గొట్టాల గుత్తి. ఒక్కో గొట్టాన్నీ అండనాళిక అంటారు. నాళిక కొనలో ఒక చిన్న గది, అందులో పోషక కణాలు ఉంటాయి. వాటి పక్కనే అండకణాలు. ఇవన్నీ ఒకే మూలకణం పదేపదే విభజన చెందగా వచ్చినవే, అంటే తోబుట్టువులే. కొన్ని గుడ్లవుతాయి, మిగిలినవి వాటికి తిండి పెట్టేవిగా మారతాయి. ఈగల్లో పోషక కణాలు ప్రతి గుడ్డు వెంటా కదులుతూ వెళ్తాయి. ఇక్కడ అలా కాదు, అవి కొనలోనే ఉండిపోతాయి. కిందికి జారే గుడ్డుకు బొడ్డుతాడులాంటి ఒక పోషక తంతువు ద్వారా సరుకు అందిస్తాయి. నల్లులతో సహా ఈ వర్గపు పురుగుల్లో చాలావాటికి ఉన్న ఏర్పాటే ఇది.

వేసవి, శరత్కాలపు ఆడపురుగులు రెండింటిలోనూ ఈ నిర్మాణం ఒకటే. తేడా అంతా తిండి దగ్గరే. శరత్కాలపు ఆడపురుగులో పోషక కణాలు బాగా ఉబ్బుతాయి, గుడ్డు చాలాకాలం పెరుగుతుంది, పచ్చసొన నిండుతుంది, పైన పెంకు కడుతుంది. వేసవి ఆడపురుగులో పోషక కణాలు చిన్నవి. గుడ్డు సొన లేకుండానే, చాలా చిన్నగా ఉండగానే కొన గది దాటి, అక్కడే పిండంగా మారడం మొదలెడుతుంది. ఆ తర్వాత పెరగడానికి కావలసిందంతా తల్లి ఒంట్లోంచే తీసుకుంటుంది. అందుకే వేసవి పురుగును కోస్తే ఒక్కో నాళికా పిండాల దండలా కనిపిస్తుంది. పైన చిన్నవి, కిందికి వచ్చేకొద్దీ పెద్దవి. అన్నిటికంటే కిందిదానికి ఎర్రటి కళ్లు కూడా వచ్చేసి ఉంటాయి. ఇంకా పుట్టని ఆ పిల్ల అండాశయంలోనూ పిండాలు మొదలై ఉంటాయి. చిగురు అంత త్వరగా నిండిపోవడానికి కారణం ఇదే: అమ్మమ్మ, అమ్మ, మనవరాలు ఒకే ఒంట్లో పెరుగుతున్నారు.

అది నిజమైన గుడ్డేనని గట్టి సాక్ష్యం 1887లో జర్మన్ జంతుశాస్త్రవేత్త బ్లోఖ్‌మన్ ఇచ్చాడు. ఫలదీకరణం కావలసిన శరత్కాలపు గుడ్డు పరిపక్వమయ్యేటప్పుడు విభజన చెంది, ధ్రువకణాలనే రెండు బుల్లి కణాల్ని బయటికి పంపుతుంది. వేసవి గుడ్డు ఒక్కదాన్నే పంపుతుంది. అంటే అదీ గుడ్డు చేయాల్సిన విభజనే చేస్తోంది, కాకపోతే ఒక మెట్టు తగ్గించుకుని క్రోమోజోముల సంఖ్యను నిలుపుకుంటోంది. మరి ఫలదీకరణమైన గుడ్ల నుంచి ఆడవే ఎందుకు వస్తాయన్నదానికి అమెరికా జీవశాస్త్రవేత్త థామస్ హంట్ మోర్గాన్ 1909లో జవాబిచ్చాడు. మగపురుగులో ఎక్స్ క్రోమోజోము అందని కణాలు వీర్యకణాలుగా ఎదగకుండా నశించిపోతాయి. మిగిలిన వీర్యకణాలన్నిటిలోనూ ఎక్స్ ఉంటుంది కాబట్టి పుట్టేవన్నీ ఆడవే.

దగ్గరి చుట్టాలను చూస్తే వరుస ఇంకా స్పష్టమవుతుంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని నాశనం చేసిన ఫైలాక్సెరా, శంఖు వృక్షాల మీద బతికే అడెల్జిడ్‌లు కూడా మగపురుగు లేకుండా పిల్లల్ని పుట్టిస్తాయి. కానీ అవి ఎప్పుడూ గుడ్లే పెడతాయి. కాబట్టి ఒంటరిగా సంతానం కనడం ముందు వచ్చింది, నేరుగా పిల్లల్ని కనడం పేనుబంక శాఖ విడిపోయాక వచ్చింది అనుకోవడమే సబబు. కొంచెం దూరపు చుట్టాలైన పొలుసు పురుగుల్లో నాళికలు పొట్టివి, చాలా జాతుల్లో ఒక్కో నాళికలో ఒక్క గుడ్డే పెరుగుతుంది.

ఏ రకం గుడ్డు తయారవ్వాలో నిర్ణయించేది ప్రధానంగా పగటి పొడవు. మార్కోవిచ్ అనే పరిశోధకుడు 1920ల్లోనే దీన్ని గమనించాడు. వెలుతురును పసిగట్టేది తల్లి తల భాగమేనని ఆ తర్వాత ఎ.డి. లీస్ అనే మరో శాస్త్రవేత్త చూపించాడు. తల్లి మాత్రం చివరిదాకా పిల్లల్నే కంటుంది. గుడ్లు పెట్టే అండాశయం అమరేది ఆమె కడుపులో ఉన్న కూతురికి. తల్లి తల నుంచి బయలుదేరిన కబురు ఆ పిండాన్ని ఏ దారిలో చేరుతుందన్న ప్రశ్న మీద ఇప్పటికీ పరిశోధన నడుస్తోంది. 2010లో బఠానీ పేనుబంక జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) వెలువడ్డాక ఆ వెతుకులాట జన్యువుల స్థాయికి చేరింది.