నలభై చుక్కల గడిలో అక్షరం

ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు బోర్డుతో ఉష్ణోగ్రత కొలిచే ప్రాజెక్టు చేసిన ఇంజనీరింగ్ విద్యార్థులు చాలామంది దీన్ని చూసే ఉంటారు. తెర మీద 32 అని సరిగ్గానే పడుతుంది. పక్కన డిగ్రీ గుర్తు, అదే ఆ చిన్న సున్నా, ఉండాల్సిన చోట మాత్రం జపాను అక్షరాలేవో వస్తాయి. వైరు వదులైందేమోనని బోర్డంతా తడుముతారు. వైర్ల తప్పేం లేదు.

మనవాళ్లు ‘సిక్స్‌టీన్ బై టూ’ అనే ఆ తెరలో రెండు వరుసలు, వరుసకు 16 గళ్లు. దాన్ని నడిపేది సాధారణంగా 1980ల నాటి హిటాచీ చిప్పు హెచ్‌డీ44780, లేదంటే దాని నకలు. గడికి అడ్డంగా 5, నిలువుగా 8, మొత్తం 40 చుక్కలు. మనం పంపేది బొమ్మ కాదు, ఒక సంఖ్య. 65 పంపితే, ఫ్యాక్టరీలోనే చిప్పులో చెక్కిన పట్టిక చూసి అది ఇంగ్లీషు ‘ఏ’ గీస్తుంది. ఆ పట్టికను మనం మార్చలేం.

ఎక్కువగా దొరికే రకంలో ఆ పట్టిక జపాను కోసం తయారైంది. ముందు ఇంగ్లీషు అక్షరాలు, 161 నుంచి 223 దాకా కటకానా లిపి, ఆ తర్వాత కొన్ని గ్రీకు, జర్మన్ అక్షరాలు. బ్యాక్‌స్లాష్ ఉండాల్సిన చోట యెన్ గుర్తుంటుంది. ఇప్పటి కంప్యూటరు డిగ్రీ గుర్తును, అన్ని భాషల అక్షరాలనూ సంఖ్యలుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 194, 176 అని రెండు బైట్లుగా, అంటే రెండు సంఖ్యలుగా, రాస్తుంది. ఆ పద్ధతి వచ్చింది 1992లో. అంతకుముందే పుట్టిన చిప్పు 194కి ‘త్సు’, 176కి అచ్చును సాగదీసే గీత వేస్తుంది. విరుగుడు 223 పంపడం. అది కటకానాలో ‘హ’ను ‘ప’గా మార్చే చిన్న సున్నా, చూపుకి అచ్చం డిగ్రీ గుర్తే.

పట్టికలో లేని అక్షరాలకు చిప్పు 64 బైట్ల చోటు వదిలింది. అక్షరానికి 8 బైట్లు, వరుసకొకటి. అంటే ఎనిమిది అక్షరాలు మనమే గీసుకోవచ్చు. కరెంటు పోతే అవీ పోతాయి, మళ్లీ నింపాలి.

ఈ ఎనిమిది దగ్గరే పోలండు వాళ్లకు చిక్కొచ్చింది. వాళ్ల భాషలో కొసరు గీతలూ తోకలూ ఉన్న చిన్న అక్షరాలు తొమ్మిది! అవి అలంకారాలు కావు. ‘లాస్కా’ అంటే చేతికర్ర. ఆ ‘ల్’ మీద అడ్డగీత పడితే మాట ‘వాస్కా’ అయి, దయ అనే అర్థం వస్తుంది. ‘మరి’లో రకారానికి ఒత్తు పడితే ‘మర్రి’ అయినట్టే. ఆ తొమ్మిదీ ఉన్న మూడు పదాల మాటొకటి అక్కడ ఫాంట్ల పరీక్షకు వాడుకలో ఉంది. ఈ తెర మీద దాన్ని పూర్తిగా చూపలేం. ఒక అక్షరాన్ని చెరిపి అదే చోట తొమ్మిదోది గీద్దామంటే, తెర మీద ఆ పాత అక్షరం ఉన్న ప్రతి గడీ అప్పటికప్పుడే మారిపోతుంది. మామూలు సందేశాల్లో తొమ్మిదీ ఒకేసారి రావు కాబట్టి, ఏ సందేశానికి కావాల్సినవి దానికి ముందు నింపుకుంటారు. నాకైతే ఇది మంచి పనితనమే అనిపిస్తుంది.

మరి తెలుగు? యూటీఎఫ్-8లో ‘మ’ మూడు బైట్లు: 224, 176, 174. తెర మీద గ్రీకు ఆల్ఫా, సాగదీత గీత, కటకానా చిన్న ‘యో’ పడతాయి. పోనీ గీసుకుందామంటే, ‘ర్రి’కి పైన గుడి, నడుమ రకారం, కింద ఒత్తు, అన్నీ ఎనిమిది వరుసల్లో ఇమడాలి. ‘మ’ అయిదు చుక్కల వెడల్పులో పట్టదు. రెండు గళ్లు కలుపుదామంటే మధ్యనున్న ఖాళీ సందు అక్షరాన్ని చీలుస్తుంది. ఇలా తెలుగును నలిపి చూపించడం నాకు ఇష్టం లేదు.

తెలుగుకు 128 బై 64 గ్రాఫిక్ తెర కావాలి. అందులో గళ్లుండవు, 8,192 చుక్కలనూ విడివిడిగా వెలిగించొచ్చు. ఆర్డుయినోలో ఉండేలాంటి చిన్న మైక్రోకంట్రోలర్ చిప్పుకు ఒత్తులు కూర్చడం రాదు కనుక, కంప్యూటర్లో మాటను బొమ్మగా మార్చి దాచుకోవడం తేలిక. 32 చుక్కల వెడల్పు, 16 ఎత్తులో ‘మర్రి’ ఒక్కటే 64 బైట్లవుతుంది. ఆ పాత చిప్పు వదిలిన చోటు మొత్తం అంతే.