అమ్మకానికి పెట్టని బండ్లు

జూలై రెండో ఆదివారం బెంగళూరులో జావా, యెజ్దీ బండ్లవాళ్లంతా ఒకచోట చేరతారు. నీలిపొగ, కాలిన ఆయిల్ వాసన, ఎవరి బండి గొప్పని వాళ్లు చెప్పుకోవడం. అక్కడ ఒకసారి చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఒక మెకానిక్ తన ఫోన్‌లో ఫొటో చూపిస్తే పదిమంది మూగారు. 1960ల నాటి సీజెడ్ మోటోక్రాస్ బండి, అంటే బురద, గుట్టల ట్రాక్ మీద రేసుకి చేసింది. సిలిండర్ ఒకటే, పొగగొట్టాలు రెండు.

"మన మైసూరు జావాకీ ఇంతే కదన్నా" అన్నాడో కుర్రాడు.

"ఒకింటి పిల్లలే రా. అది రేసులకి పోయింది, మనది పాల క్యాన్లు మోసింది."

ఆయన మాటలో అతిశయోక్తి తక్కువే. చెకోస్లొవేకియాలో జావా, సీజెడ్ అన్నదమ్ముల్లాంటి కంపెనీలు. మైసూరులో ఐడియల్ జావా 1961లో మొదలై 1996 దాకా నడిచింది. ఇక్కడ ఆ బండ్లు రోడ్డెక్కుతున్న రోజుల్లోనే, 1964లో, జోయెల్ రొబేర్ అనే ఇరవై ఏళ్ల బెల్జియం కుర్రాడు సీజెడ్ మీద 250 సీసీ ప్రపంచ టైటిల్ కొట్టాడు.

మరి కంపెనీలు రేసు కోసమే చేసుకున్న, మనం ఎప్పటికీ ముట్టుకోలేని, షోరూమ్‌లో ఏనాడూ కనిపించని ఇలాంటి బండ్ల మీద ఇంత మోజెందుకు? దానికి కాస్త వెనక్కి వెళ్లాలి.

మోటోక్రాస్ ఆట ఇంగ్లండ్‌లో 1924లో కాంబర్లీ దగ్గర మొదలైంది. అప్పట్లో దాన్ని స్క్రాంబుల్ అనేవారు. 500 సీసీ ప్రపంచ టైటిల్ 1957లో వచ్చింది. తొలినాళ్లలో బరువైన ఫోర్-స్ట్రోక్ బండ్లదే రాజ్యం. 1964, 65ల్లో ఇంగ్లండ్ కంపెనీ బీఎస్ఏ బండి మీద జెఫ్ స్మిత్ వరసగా గెలిచాడు. కానీ వెనక మన జావా లాంటి ఇంజిన్ ఉన్న తేలికైన టూ-స్ట్రోక్‌లు తరుముకొస్తున్నాయి. బరువు తగ్గించాలని బీఎస్ఏ 1966లో టైటానియం ఫ్రేమ్ చేయించింది. ఫ్రేమ్ తేలికగానే వచ్చింది. చిక్కల్లా అది పగలడంలో. మామూలు స్టీల్ విరిగితే ట్రాక్ పక్కనే వెల్డింగ్ పెట్టొచ్చు. టైటానియంకి గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్ మధ్య అతకాలి. బురద పొలంలో అదెక్కడ దొరుకుతుంది? ఆ ఏడాది టైటిల్ తూర్పు జర్మనీవాడు పాల్ ఫ్రీడ్రిక్స్‌కి పోయింది. అతని బండి కూడా సీజెడ్డే. నన్నడిగితే గెలిచిన బండి కంటే ఆ ఓడిన టైటానియం ఫ్రేమే ఎక్కువసేపు చూడదగ్గది. ఎక్కడ లెక్క తప్పారో కంటికి కనిపిస్తుంది.

తర్వాత జపాన్‌వాళ్లు దిగారు. సుజుకీ 1965లో వచ్చి దెబ్బతింది, పాఠం నేర్చుకుంది, 1970లో రొబేర్‌నే తన బండి ఎక్కించుకుని గెలిచింది. 1971లో రోజర్ డి కోస్టర్ 500 తరగతి టైటిల్ తెచ్చాడు. ఆ రోజుల్లో అతని ఫ్యాక్టరీ బండి బరువు 80 కిలోల చుట్టుపక్కల ఉండేది. మనం కాలేజీకి వేసుకెళ్లిన యమహా ఆర్ఎక్స్ 100 దాదాపు 100 కిలోలు. అంటే ఇంజిన్ నాలుగింతలు, బరువు ఇరవై కిలోలు తక్కువ! ఈ పోటీ ముదిరిపోయి 1973లో కనీస బరువు నిబంధన పెట్టాల్సి వచ్చింది: 500 తరగతికి 95 కిలోలు. అదే సుజుకీ జనానికి అమ్మిన టీఎం 400 మాత్రం బరువైనది, ఎప్పుడు ఎగిరి తంతుందో తెలియనిది. పోస్టర్‌లో డి కోస్టర్‌ని చూసి కొన్నవాళ్ల నడుములు విరిగాయి.

లీయేజ్‌కి చెందిన ఇంజినీర్ లూసియన్ టిల్కెన్స్ కథ ఇంకా బాగుంటుంది. వెనక చక్రానికి రెండు షాక్ అబ్జార్బర్లకు బదులు సీటు, ట్యాంకు కింద ఒకటే పెట్టాడు. ముందు సుజుకీకి చూపిస్తే వాళ్లు తేల్చలేదు. యమహా కొనేసింది. 1973లో హోకన్ ఆండర్సన్ దాంతోనే 250 టైటిల్ గెలిచాడు. అంతకుముందు నాలుగంగుళాలు కదిలే వెనక చక్రం ఆ దశాబ్దం చివరికి అడుగు దాకా కదిలింది. ఈరోజు బెంగళూరు సిల్క్‌బోర్డ్ జంక్షన్ గుంతల్లో మీ నడుముని కాస్తున్న మోనోషాక్ ఆ వంశంలోదే.

ఇలాంటి బండ్లు ఇప్పుడు అరుదు ఎందుకంటే, సీజన్ అయ్యాక చాలా కంపెనీలు వాటిని వెనక్కి తెప్పించుకుని తుక్కు చేసేవి. రహస్యం బయటికి పొక్కకూడదని. తప్పించుకున్నవే మిగిలాయి. అమెరికాలోనైతే 1986 నుంచి అమ్మే బండి ఆధారంగానే రేసు బండి ఉండాలన్నారు. దాంతో అచ్చంగా చేతితో చేసిన బండ్ల కాలం అక్కడ ముగిసింది. అయినా ఒక సందు మిగిలింది. ప్రొటోటైప్‌కి, అంటే ఇంకా అమ్మకానికి రాని నమూనా బండికి, ఏడాది మినహాయింపు. 1997లో డగ్ హెన్రీ యమహా 400 ఫోర్-స్ట్రోక్ మీద లాస్ వేగాస్ సూపర్‌క్రాస్ (స్టేడియంలో మట్టి పోసి ఆడే మోటోక్రాస్) గెలిచింది ఆ సందులోంచే. మరుసటి ఏడాదే ఆ బండి షోరూమ్‌కొచ్చింది, కొన్నేళ్లకు టూ-స్ట్రోక్‌లు పక్కకి తప్పుకున్నాయి.

ఇక మన దగ్గర. 2024 ఫిబ్రవరిలో బెంగళూరు చిక్కజాల మైదానంలో సూపర్‌క్రాస్ లీగ్ జరిగినప్పుడు ఈ ఆటని మొదటిసారి చూసినవాళ్లు చాలామంది. కానీ మద్రాసులో షోలవరం రన్‌వే మీద బండ్లు పరుగెత్తిన రోజుల నుంచీ దక్షిణాదిలో రేసుల పిచ్చి ఉంది. నేను చూసినంతలో ఇక్కడ రేసు బండిని ఎవరూ నలిపేయలేదు, దాచిపెట్టనూ లేదు. పార్ట్‌లు పార్ట్‌లుగా విప్పి వేరే బండ్లకు వేసుకున్నారు.

ఆ మెకానిక్ అన్న షెడ్‌లో గోడకి ఒక ఆర్ఎక్స్ సిలిండర్ బ్యారెల్ వేలాడుతుంటుంది. లోపల గ్యాస్ వచ్చిపోయే పోర్టులన్నీ ఆకురాయితో చేత్తో అరగదీసినవి. ఏ రేసుకి చేశాడో ఆయనకే గుర్తులేదు. ఒకాయన వచ్చి మంచి ధర ఇస్తానన్నా ఇవ్వలేదట. ఎందుకని అడిగాను.

"ఎవరైనా బండి తెస్తే స్పేర్‌గా పనికొస్తుంది కదా సార్" అన్నాడు.