గ్లాసు జావలో పిండి ఎంత?

"మా నాయనకి మూడు పూటలా పెడతానే ఉన్నాం. అయినా మొలతాడు జారిపోతోంది. ఎందుకని?" అని చంద్రగిరి వైపు నుంచి ఒక పాఠకురాలు అడిగారు. జబ్బు ముదిరిందా లేదా అన్నది డాక్టరు తేల్చాలి. కానీ ఆ "మూడు పూటలు" అనే మాట లోపల ఏముందో ఇంట్లోనే తేల్చవచ్చు. క్షయ మందులు మింగేవారు, డయాలసిస్‌కి తిరుపతి వచ్చిపోయేవారు, పక్షవాతంతో మంచాన ఉన్నవారు చిక్కిపోయేది ఎక్కువగా ఇంట్లోనే. రోజూ చూసే కళ్లకు ఆ తేడా ఆనదు.

మొలతాడు మంచి ఆనవాలే. దాన్ని అంకెలోకి మార్చాలి. ఆరు నెలల క్రితం 56 కిలోలు, ఇప్పుడు 50 అనుకుందాం. తగ్గిన 6 కిలోలను పాత బరువుతో భాగిస్తే దాదాపు 11 శాతం. కొత్త బరువుతో భాగించడం తరచూ జరిగే పొరపాటు. పోషకాహార లోపం ముప్పును అంచనా వేయడానికి 2003లో బ్రిటన్‌లో రూపొందిన 'మస్ట్' అనే పరీక్ష ప్రకారం మూడు నుంచి ఆరు నెలల్లో 10 శాతం దాటి తగ్గితే 2 మార్కులు, ఎత్తుకు తగ్గ బరువు సూచిక (బీఎంఐ) 18.5 కన్నా తక్కువైతే ఇంకో 2. మొత్తం 2 వచ్చినా ముప్పు ఎక్కువనే లెక్క. లేచి నిలబడలేనివారికి భుజం ఎముక కొనకీ మోచేతికీ సరిగ్గా మధ్యన చేతి చుట్టుకొలత తీయండి. 23.5 సెంటీమీటర్లు లేకపోతే సూచిక 20 లోపే ఉండవచ్చు. సాగిపోయిన పాత దర్జీ టేపు మాత్రం వద్దు. కాళ్లకు నీరు పట్టినవారి బరువును నమ్మకూడదు. కండ కరిగినంత మేర నీరు చేరితే కాటా ముల్లు కదలదు.

ఇక తిండి. "ఏం తిన్నారు?" అని అడిగితే కోడలు పెట్టింది చెబుతుంది, మామ తిన్నది చెప్పదు. అబద్ధమేమీ కాదు, ఆమెకు తెలిసింది అదే. అందుకే నిన్న లేచింది మొదలు పడుకునే దాకా రోగినే చెప్పనివ్వాలి, మధ్యలో ఆపకూడదు. రెండో విడతలో మరిచినవి అడగాలి: కాఫీ, బిస్కెట్టు, ఎవరో తెచ్చిన లడ్డూ ముక్క. మూడో విడతలో కొలతలు. ఇంట్లో వాడే గిన్నె, గరిటె, గ్లాసు ముందు పెట్టుకుని "ఎందాకా?" అని గీత చూపించమనాలి. ఆఖరున పళ్లెంలో మిగిలినదెంతో అడిగి తీసేయాలి. ఒక్కరోజు లెక్క చాలదు. మన వైపు శనివారం ఒక్కపొద్దు ఉండే ఇళ్లు ఎన్నో, పెరటాసి నెలలో (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా) మరీనూ. కాబట్టి ఒక శనివారం, రెండు మామూలు రోజులు, అవీ వరుసగా కాకుండా తీసుకోవాలి.

అసలు చిక్కు నీళ్లతో. మనం తినేది తడి బరువు, ఒంటికి పట్టేది పొడి బరువు. సంగటికి 125 గ్రాముల బియ్యం, 250 గ్రాముల రాగి పిండి పోశారనుకోండి. కెలికి దించాక మొత్తం 1,250 గ్రాములు తూగింది. రోగి తిన్న ముద్ద 150 గ్రాములైతే అందులో పొడి సరుకు 45 గ్రాములే. అంటే సుమారు 150 కేలరీలు, మూడున్నర గ్రాముల ప్రొటీను.

జావ ఇంకా మోసం చేస్తుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసులో పడే పిండి 20 గ్రాములు. మూడు గ్లాసులు తాగితే 190 కేలరీలు, 4 గ్రాముల ప్రొటీను. మధ్యాహ్నం 50 గ్రాముల బియ్యం అన్నం, చారు. రాత్రి ఆ ముద్ద. అన్నీ కలిపినా 520 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీను దాటవు. 50 కిలోల రోగికి కావలసింది రోజుకు సుమారు 1,500 కేలరీలు, 60 గ్రాముల ప్రొటీను. మూడు పూటలూ పెట్టిన మాట నిజమే. కడుపు నిండిన మాటా నిజమే. నిండింది నీళ్లతో.

మరి పిండి ఎక్కువ వేయొచ్చుగా? వేస్తే గడ్డకడుతుంది. వేడికి పిండిపదార్థపు రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బి ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, గరిటె తిరగదు. మింగలేరని మళ్లీ నీళ్లు పోస్తాం. ఈ ముడి విప్పే తాళంచెవి రాగి గింజలోనే ఉంది. మొలకెత్తేటప్పుడు గింజ అమైలేజ్ అనే ఎంజైమును తయారు చేసుకుంటుంది. అది పొడవాటి పిండి గొలుసులను తుంచి చిన్న చక్కెరలుగా మారుస్తుంది. తెగిన గొలుసులు నీటిని పట్టి ఉంచలేవు, గట్టి జావ పలుచనవుతుంది. కేలరీలు మాత్రం ఎక్కడికీ పోవు.

రాగులను ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, ఒకటి ఒకటిన్నర రోజు మొలకెత్తనివ్వండి. బూజు వాసన వస్తే మొత్తం పారేయండి. ఎండలో బాగా ఆరబెట్టి, వేరు మొలకలు నలిపి చెరిగి, సన్నని సెగమీద వేడిచేసి విసరండి. తప్పు జరిగేది ఇక్కడే. కమ్మటి వాసన కోసం మాడేలా వేయిస్తే ఎంజైము చచ్చిపోతుంది, ఆ పిండి మామూలు పిండే. గ్లాసుకు 27 గ్రాముల మామూలు పిండిని 150 మిల్లీలీటర్ల నీళ్లలో గట్టిగా ఉడికించి దించండి. ఉడుకు ఆగి, వేలు పెడితే ఓర్చుకోలేనంత వేడిగా ఉండగా ఒక టీ స్పూను మొలక పిండి కలపండి. మరిగేటప్పుడు వేస్తే పని చేయదు. కొన్ని నిమిషాల్లో జావ జారుతుంది. అప్పుడు 100 మిల్లీలీటర్ల గేదె పాలు, 15 గ్రాముల వేయించిన చెనిక్కాయ (వేరుశనగ) పొడి కలిపి మరోసారి మరిగించండి. ఈ గ్లాసులో 280 కేలరీలు, 9 గ్రాముల ప్రొటీను. రోజుకు మూడు గ్లాసులు, పైన చెప్పిన మధ్యాహ్నపు అన్నం, రాత్రి ముద్ద, వాటికి తోడు రెండు గుడ్లు, 30 గ్రాముల కందిపప్పు, రెండు టీ స్పూన్ల నూనె. లెక్క దాదాపు 1,500 కేలరీలకు, 54 గ్రాముల ప్రొటీనుకు చేరుతుంది.

పప్పు అనగానే "పుండుకు చీము పడుతుంది" అనేవారు ప్రతి వీధిలో ఉంటారు. చీముకు కారణం సూక్ష్మజీవులు. కొత్త కండ అల్లుకోవడానికి కావలసిన ముడిసరుకే పప్పులో, గుడ్డులో ఉంది. పథ్యం పేరుతో దాన్ని ఆపడం చూస్తే బాధేస్తుంది. ఆరోగ్య కార్యకర్తల శిక్షణలో కూడా "బాగా తినండి" అనే మాట మాన్పించి, గ్లాసు, గరిటె, కాటా చేతికివ్వాలి.

ఈ జావ అందరికీ కాదు. మింగేటప్పుడు దగ్గు వచ్చే పక్షవాత రోగికి పలుచనిది ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు, వారికి చిక్కగానే ఉండాలి. మధుమేహం ఉంటే మొలక పిండి చక్కెరను త్వరగా పెంచుతుంది. కిడ్నీ రోగులకు ప్రొటీను, పొటాషియం, భాస్వరం, నీళ్లు అన్నీ లెక్కే, డైటీషియన్ చెప్పాకే మార్చాలి. ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా నిండుగా పెట్టకండి. రక్తంలోని భాస్వరం, పొటాషియం హఠాత్తుగా కణాల్లోకి లాగబడి గుండె లయ తప్పవచ్చు. ఆస్పత్రి పర్యవేక్షణలో కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి.

మిగిలినవారిని వారానికొకసారి అదే కాటా మీద, పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక తూచి గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ కింద రాయండి. డయాలసిస్ చేయించుకునేవారైతే డయాలసిస్ అయ్యాక తూగిన బరువు రాయాలి.