జారితే చాలదు: క్యాథెటర్లు, గైడ్‌వైర్లు, కృత్రిమ కీళ్ళ పూతలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: హైడ్రోఫిలిక్ క్యాథెటర్ (నీటిని పీల్చుకునే పూత వేసిన, మూత్రం తీసే గొట్టం) ఎలా వాడినా జారుతుంది.

పొడిగా ఉన్నంతసేపూ అది మామూలు ప్లాస్టిక్ గొట్టమే. పూతలో ఎక్కువగా ఉండేది పీవీపీ అనే పాలిమర్. అది నీళ్ళు తాగి ఉబ్బితేనే గొట్టానికీ మూత్రనాళానికీ మధ్య పల్చటి నీటి పొర నిలుస్తుంది. చాలా రకాలకు 30 సెకన్లు నానాలి. మీ ప్యాకెట్ మీద ఎంత రాసి ఉంటే అదే లెక్క. ముంచి వెంటనే తీస్తే అక్కడక్కడా పొడిగా మిగిలి, ఆ చోటే పట్టేస్తుంది. నానబెట్టి ఫ్యాను కింద వదిలేసినా అంతే. మే నెల విజయవాడ ఎండల్లో పూత ఇట్టే ఆరి జిగటగా మారుతుంది.

లోపలికి సాఫీగా వెళ్ళిన గొట్టం తీసేటప్పుడు ఎందుకు పట్టేస్తుంది? పూతలో ఉన్నది ఉత్త నీరైతే చుట్టూ ఉన్న కణజాలం దాన్ని లాగేసుకుంటుంది. అందుకే కొన్ని కంపెనీలు నీటిని పట్టి ఉంచడానికి పూతలోనే ఉప్పు కలుపుతాయి. సొంతంగా క్యాథెటర్ వేసుకునేవాళ్ళు గుంటూరు మిర్చి యార్డులో పనిచేస్తుంటే ఇంకో జాగ్రత్త: కారం ఘాటు ఉత్త నీళ్ళకి పోదు. సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాకే ప్యాకెట్ విప్పాలి.

అపోహ: వాజలిన్ రాసినా అదే పని చేస్తుంది.

చెయ్యదు. పెట్రోలియం జెల్లీ లేటెక్స్ రబ్బరును ఉబ్బించి బలహీనపరుస్తుంది, లోపలే నిలిపి ఉంచే ఫోలీ క్యాథెటర్ కొస బుడగ పగలొచ్చు. నీళ్ళలో కరిగే జెల్లీయే వాడాలి.

అపోహ: గైడ్‌వైర్‌ను స్పిరిట్‌తో తుడిస్తే ఇంకా శుభ్రం.

గైడ్‌వైర్ అంటే రక్తనాళంలో గొట్టానికి దారి చూపే సన్నటి తీగ. స్పిరిట్, పొడి గాజుగుడ్డ రెండూ దాని పూతను పాడుచేస్తాయి. వైరు చుట్టి ఉన్న గొట్టంలోకి ముందు సెలైన్ ఎక్కించండి. వైరు బయటికి రానని మొరాయిస్తే గుంజకుండా ఇంకాస్త సెలైన్ పొయ్యండి. తుడవాల్సి వస్తే సెలైన్‌లో తడిపిన గుడ్డతోనే. లోహపు సూదిలోంచి మాత్రం పూత ఉన్న వైరును వెనక్కి లాగకండి. కత్తిపీట మీద ఆనపకాయ చెక్కు లేచినట్టు సూది అంచుకి పూత లేచిపోతుంది. ఆ పొరలు రక్తంలో కొట్టుకుపోయి ఎక్కడో నాళాన్ని మూసేయొచ్చు. ఇలా పూతలు ఊడటం గురించి 2015లో అమెరికా వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక కూడా ఇచ్చింది.

అపోహ: ఎంత జారితే అంత తక్కువ అరుగుతుంది.

అన్నిటికన్నా మొండిగా పాతుకున్న అపోహ ఇది. తుంటి కీలు మార్పిడికి బాట వేసిన జాన్ చార్న్లీ మొదట్లో నాన్‌స్టిక్ పెనం మీద ఉండే టెఫ్లాన్‌తోనే కీలు గిన్నెలు చేయించాడు. జారుడులో దానికి సాటి లేదు. కానీ కొన్నేళ్ళకే గిన్నెలు అరిగి, ఆ పొడికి చుట్టూ కణజాలం వాచి, మళ్ళీ ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. 1962లో ఆయన మారిన పాలిథిలిన్ అనే ప్లాస్టిక్‌కి ఘర్షణ టెఫ్లాన్ కంటే ఎక్కువే, అరుగుదల మాత్రం ఎన్నో రెట్లు తక్కువ.

అపోహ: గట్టి పూత వేసి అద్దంలా మెరిపిస్తే కీలుకి ఢోకా లేదు.

టైటానియం మీద వేసే బంగారు రంగు టైటానియం నైట్రైడ్ పూత మందం కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కింది లోహం దానికన్నా మెత్తన. బరువు పడి లోహం నొక్కుకుంటే పరుపు మీద పెట్టిన గాజు పలకలా పూత పగులుతుంది. ఊడిన పెచ్చులు కీలులో పడి గరుకు కాగితంలా గీరుతాయి. ఆక్సీకరించిన జిర్కోనియం దారి వేరు: అక్కడ లోహపు పైపొరే వేడికి సిరామిక్‌గా మారుతుంది కాబట్టి అతుకు సమస్య ఉండదు. అయినా దాని మందం 5 మైక్రాన్ల దగ్గరే, కీలు జారి లోహపు అంచుకి రాసుకుంటే గీత పడుతుంది.

మెరుపు సంగతికొస్తే, ఆటోనగర్ లేత్ మీద కంటికి అద్దంలా కనిపించేది ఇక్కడ చాలదు. కీలు గిన్నెలో తిరిగే లోహపు బంతి సగటు గరుకుదనం 0.05 మైక్రాన్లు దాటకూడదు, సిరామిక్‌కి 0.02. సగటు బాగున్నంత మాత్రాన సరిపోదు కూడా. ఒక్క గీత పడితే దాని రెండు గట్ల మీద లోహం లేస్తుంది. నాగలి కర్రులా పాలిథిలిన్‌ను దున్నేది ఆ గట్టే. అందుకే ఆపరేషన్ టేబుల్ మీద బంతికి ఫోర్సెప్స్ గానీ మరే లోహపు పనిముట్టు గానీ తగలనివ్వకూడదు. తగిలితే ఆ బంతి పక్కన పెట్టి కొత్తది విప్పాల్సిందే, ఖరీదెంతైనా.