కొబ్బరి నూనె కొవ్వొత్తి అవుతుందా?

ముమ్మిడివరం,
పుష్య మాసం.

అమ్మలూ, చిన్నోడా,

చలికి వంటింట్లో కొబ్బరి నూనె సీసా గడ్డకట్టిందనీ, అచ్చం మైనంలాగే ఉందనీ రాశారు. అమ్మావాళ్ల సంఘం కొవ్వొత్తులు చేసి అమ్మాలనుకుంటోంది గదా, కోనసీమలో కొబ్బరికి కొదవా, దీంతోనే చేసేస్తే పోలా, అని అడిగారు. మంచి ప్రశ్నే. జవాబు మాత్రం ఆ సీసాయే చెబుతుంది. సంక్రాంతి వెళ్లాక ఒక మధ్యాహ్నం చూడండి, మళ్లీ నీళ్లలా ఉంటుంది. కొబ్బరి నూనె 24 డిగ్రీలకే కరిగిపోతుంది. దానితో చేసిన కొవ్వొత్తి మన ఊళ్లో వెలిగించకుండానే కారిపోతుంది.

మరి బజార్లో కోకోనట్ వ్యాక్స్ అని అమ్మేదేమిటి? నూనెకి హైడ్రోజన్ పట్టించి కాస్త గట్టిపరుస్తారు. అప్పటికీ చాలక ఇంకో గట్టి మైనం కలుపుతారు. ఆ కలిపింది సోయా కావచ్చు, తేనె మైనం కావచ్చు, ముడి చమురు నుంచి తీసే పారఫినూ కావచ్చు. పైన కొబ్బరి బొమ్మ ఉందని బస్తా కొనెయ్యకూడదు. ఏవేవి ఎన్ని పాళ్లో కాగితం మీద రాసిమ్మనాలి. అలా రాసివ్వని వాడి దగ్గర కొని, మనం డబ్బా మీద ‘సహజం’ అని అచ్చేసుకుంటే అబద్ధం మనదవుతుంది.

ఇప్పుడు కాలువ సంగతి చెబుతాను, వినండి. మైనం కాలువ నీరు. ఒత్తి తూము. మంట చేను. తూము సన్నమైతే చేనుకి తడి అందదు. మంట బక్కచిక్కి నడుమ గొయ్యి తవ్వుకుంటూ దిగిపోతుంది, చుట్టూ మైనం గోడలా మిగిలిపోతుంది. తూము పెద్దదైతే చేను మునుగుతుంది. మంట కాల్చుకోగలిగిన దానికన్నా ఎక్కువ మైనం ఎక్కేసి, ఒత్తి కొసన నల్ల బొడిపె కట్టి, గాజు మసిబారుతుంది. అందుకే ‘మా మైనానికి మసే రాదు’ అనేవాళ్ల మాట నమ్మొద్దు. తూము తప్పితే తేనె మైనానికీ మసి వస్తుంది. ఇక మైనం గట్టిదనం లాకు తలుపులాంటిది. తలుపు బరువైతే ఎత్తడానికి బలం కావాలి, కాబట్టి గట్టి మైనానికి లావు ఒత్తి. నీళ్లు పల్లానికి కదా పోతాయి, ఇది పైకెక్కుతోందేమిటని చిన్నోడు అడుగుతాడు. ఆ ఒక్కటీ వదిలెయ్ నాయనా.

సోయా మైనం 50 డిగ్రీల అటూఇటూ కరుగుతుంది. గాజు గ్లాసులో పోసే కొవ్వొత్తికి సరిపోతుంది, విడిగా నిలబెట్టే స్తంభానికి పనికిరాదు. మే నెలలో రేకుల షెడ్డులో పెడితే వాసనకి కలిపిన సెంటునూనె పైన చెమటలా పడుతుంది. కొన్నాళ్లకి తెల్లటి పొర కూడా వస్తుంది. అది చెడిపోవడం కాదు, సోయా గుణమే. రంగు వెయ్యకపోతే అది అంతగా కనబడదు. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల దాకా నిలుస్తుంది, సెంటు అక్కర్లేదు. కానీ అన్నిటికన్నా ఖరీదు, కల్తీ కూడా దాన్లోనే. ధర్మామీటరు పెట్టి కరిగించి చూడండి. 55కే జారిపోతే అందులో ఇంకేదో ఉంది. పామాయిల్ మైనం చల్లారితే స్ఫటికాల్లా అందంగా విచ్చుకుంటుంది. ఏలూరు పక్క మెట్టలోనూ ఆ తోటలున్నాయి. కానీ ఇండోనేషియా, మలేషియాల్లో ఆ తోటల కోసం అడవులు నరికారు. ఎక్కడి నూనో తెలియకపోతే దాని జోలికి పోవద్దు.

నాకు ముద్దొచ్చేది మాత్రం తవుడు మైనం. సార్వా ధాన్యం మిల్లుకి వెళ్తే బియ్యంతో పాటు తవుడూ వస్తుంది. ఆ తవుడు నూనెని శుద్ధి చేసేటప్పుడు వేరుపడే మైనం ఇది. దీనికోసం వేరే పంట వెయ్యక్కర్లేదు. 80 డిగ్రీల దగ్గర గానీ కరగదు. సోయా మెత్తబడుతోందా, పది పాళ్లకి ఒక పాలు ఇది కలిపి చూడండి. ఎక్కువైతే గడ్డకట్టేటప్పుడు కుంచించుకుని పగులుతుంది.

సోయా కిలోకి లెక్క చెబుతాను, అమ్మకి చదివి వినిపించండి. మైనం గిన్నెని నేరుగా పొయ్యి మీద పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో దింపి 75 డిగ్రీలకి తేవాలి. తవుడు మైనం కలిపేటట్టయితే ముందు దాన్ని విడిగా కరిగించుకోవాలి. పొయ్యి ఆపి, 60 గ్రాముల సెంటునూనె పోసి, నురగ రాకుండా రెండు నిమిషాలు నిదానంగా తిప్పాలి. 55కి దిగాక, తడి లేని గ్లాసుల్లో పొయ్యాలి. వానాకాలం గాజుకి చెమ్మ పడుతుంది, తుడవకపోతే మైనం గోడని పట్టుకోక మచ్చలు తేలతాయి. రెండు వారాలు ఆగి గానీ వాసన చూడొద్దు. 7 సెంటీమీటర్ల వెడల్పు గ్లాసులు మూడు తీసుకుని మూడు లావుల నూలు ఒత్తులు పెట్టి, మూడేసి గంటలు వెలిగించండి. కరిగిన మడుగు అంచుని తాకి, సెంటీమీటరు లోతుండాలి. ఏ గ్లాసులో అలా అయితే అందులోదే మీ ఒత్తి. బస్తా మారితే మళ్లీ మొదటినుంచీ పరీక్షే. మైనానికి మంట అంటుకుంటే నీళ్లు పొయ్యకూడదు, మూత వెయ్యాలి.

కొబ్బరి చిప్పలో పోస్తే ఎంత ముచ్చటో అని అమ్మలు అంటుంది. కళ్లలోంచి కారుతుంది, అడుగుకి పోయేకొద్దీ చిప్ప ఇరుకై మంట దాన్నే అంటుకుంటుంది. వద్దు తల్లీ.

ఒక పని చెయ్యండి. ఈ రాత్రి అమ్మ పక్కనుండగా, ఫ్యాను ఆపి ఒక కొవ్వొత్తి కాసేపు వెలగనిచ్చి ఊదెయ్యండి. తెల్లటి పొగ తీగలా లేస్తుంది. వెలిగించిన అగ్గిపుల్లని ఒత్తికి తాకించకుండా, అంగుళం పైన ఆ తీగకి చూపండి. నిప్పు తీగ పట్టుకుని కిందికి దిగొచ్చి ఒత్తి మీద కూర్చుంటుంది. ఎందుకో ఇప్పుడే అడగొద్దు. నాలుగుసార్లు చూశాక రాయండి.

మీ తాతయ్య