కత్తెర పట్టుకునే ముందు: టీషర్టు క్విల్టుపై అపోహలు – వాస్తవాలు

ఇటీవల ఎం.వి.పి. కాలనీ నుంచి ఇద్దరు తల్లులు పెద్ద సంచీతో మా కుట్టు గదికి వచ్చారు. పిల్లలు చదివే పాఠశాలలో గ్రంథాలయానికి నిధులు సేకరించడానికి పాత టీషర్టులతో క్విల్టు (పొరలు కలిపి కుట్టే దుప్పటి) కుట్టించి, వార్షికోత్సవం నాడు వేలం వేయాలని వారి ఆలోచన. సంచీ విప్పితే అందులో ఇరవై టీషర్టులకు బదులు ఇరవై ముక్కలు ఉన్నాయి. నాకు శ్రమ తగ్గించాలన్న మంచి ఉద్దేశంతోనే వారు ఇంట్లో కూర్చుని, ముద్రించిన బొమ్మ అంచు వెంబడి ఒక్కొక్కటీ కత్తిరించి తెచ్చారు. ప్రతి ముక్కా పైనా కిందా ముందుకు, రెండు పక్కలా వెనక్కి చుట్టుకుపోయి ఉంది. ఇలాంటి సంచీ నా బల్లపైకి రావడం ఇది మొదటిసారి కాదు.

అపోహ: ఇదీ బొంత కుట్టడం లాంటిదే, ముక్కలు కోసి అతికితే చాలు.

వాస్తవం: మన అమ్మమ్మలు బొంతకు వాడినవి పాత చీరలు, పంచెలు. అవి పడుగు పేకలతో నేసిన బట్టలు కాబట్టి నిలువుగా లాగినా అడ్డంగా లాగినా పెద్దగా సాగవు. టీషర్టుది బనియను గుడ్డ, అంటే నూలును ఉచ్చులుగా అల్లిన బట్ట. అది ముఖ్యంగా అడ్డంగా బాగా సాగుతుంది, కత్తెర పడగానే అంచు చుట్టుకుంటుంది. దానిని ఉన్నదున్నట్టుగా మిషను పాదం కింద పెడితే కుడుతున్న కొద్దీ సాగుతూనే ఉంటుంది. ఒక్కో ముక్క పావు అంగుళం సాగినా, ఐదు ముక్కల వరుస ముగిసేసరికి ఒకటింపావు అంగుళం తేడా వచ్చి, పక్క వరుసతో కలవదు. ఎంత ఇస్త్రీ చేసినా ఆ ఉబ్బు పోదు.

ఇందుకు మందు ఫ్యూజింగ్, అంటే చొక్కా కాలరు లోపల వేసే, ఇస్త్రీతో అతుక్కునే గుడ్డ. పలుచని నేత ఫ్యూజింగ్ తీసుకుని, గరుకుగా తగిలే జిగురు వైపును టీషర్టు లోపలి వైపుకు ఆనించి అతికితే, ఆ బట్ట సాగడం మానేసి నేత బట్టలా ప్రవర్తిస్తుంది. అయితే వరుస తప్పకూడదు. ముందు చేతులు, పక్క కుట్లు విప్పి ముందు భాగాన్ని వేరు చేయాలి. బొమ్మను మధ్యలో ఉంచి సుమారు 17 అంగుళాల చదరంగా ఉరామరిగా కోయాలి. ఫ్యూజింగ్ అతికి చల్లారనిచ్చిన తరువాతే, స్కేలు పెట్టి 15 అంగుళాలకు కచ్చితంగా కోయాలి. అర అంగుళం కుట్టు మార్జిను పోతే 14 మిగులుతుంది. అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదు ముక్కలు పెడితే క్విల్టు 56 అంగుళాల వెడల్పు, 70 అంగుళాల పొడవు వస్తుంది. చిన్న తరగతుల పిల్లల చొక్కాలకు అంత వెడల్పు ఉండదు కాబట్టి, అన్నిటిలోకీ చిన్న చొక్కాను కొలిచాకే ముక్క పరిమాణాన్ని నిర్ణయించుకోవాలి.

ఇస్త్రీ పెట్టెను బట్టపై జరపకూడదు. ఒకచోట 10 నుంచి 15 సెకన్లు అదిమి, ఎత్తి, ఆ పక్క చోట మళ్లీ అదమాలి. జరిపితే బట్ట సాగుతుంది, సాగినది సాగినట్టే జిగురుతో అతుక్కుపోతుంది. మన విశాఖలో సముద్రపు గాలికి ఆరిన బట్టలోనూ కొంత చెమ్మ ఉంటుంది కాబట్టి, ఫ్యూజింగ్ పెట్టే ముందు ఒకసారి పొడి ఇస్త్రీతో ఆ చెమ్మను తీసేస్తాను.

ఆ ఇద్దరు తల్లుల ముక్కలను గుండుసూదులతో చదును చేసి, ఫ్యూజింగ్ వేసి, కాటను చదరాలపై పరిచి చుట్టూ జిగ్‌జాగ్ కుట్టుతో అతికాను. పదిహేడు దక్కాయి. మిగిలిన మూడింటిలో కత్తెర అక్షరాల మీదుగానే పోయింది. ఒకదానిపై పదో తరగతి బ్యాచి సంవత్సరమే తెగిపోయింది. దానిని తెచ్చినావిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు, నా దగ్గర చెప్పడానికి మాట లేకపోయింది. దయచేసి చొక్కాలను కోయకుండా తీసుకురండి.

అపోహ: ఇస్త్రీ వేడికి బొమ్మ కరిగిపోతుంది, అందుకే ఫ్యూజింగ్ వద్దు.

వాస్తవం: బొమ్మపై ఇస్త్రీని నేరుగా పెడితే రబ్బరు ముద్ర అంటుకుని పాడవుతుంది, ఆ భయం నిజమే. కానీ ఫ్యూజింగ్‌కు వేడి ఇచ్చేది వెనక వైపు నుంచి; కింద బల్లకు బొమ్మ అంటకుండా బేకింగ్ కాగితం పరిస్తే సరిపోతుంది. నేవీ మారథాన్‌లో ఇచ్చే చొక్కాల వంటి పాలిస్టరు బట్టకు తక్కువ వేడికి అతుక్కునే ఫ్యూజింగ్ వాడాలి. సీతమ్మధార నుంచి వచ్చిన ఒక తల్లి, కొడుకు మొదటి క్రీడోత్సవపు చొక్కాను చేతిలోంచి వదలలేక చాలాసేపు నా ఎదుట నిలబడ్డారు. ఎవరో పాడైపోతుందని చెప్పారట. విప్పి పక్కన పెట్టే చొక్కా చేయి కూడా అదే బట్ట కనుక, ముందు దానిపైనే ఫ్యూజింగ్ అతికి, లాగి, పిండి, ఆమెకు చూపించాను. ఆ తరువాతే ఆమె చొక్కా నా చేతికిచ్చారు. మీరు ఎవరి దగ్గర కుట్టించినా ఈ పరీక్షను అడిగి చేయించుకోండి.

అపోహ: బాగా మెత్తబడాలంటే కంఫర్టు వంటి ద్రావకంలో ఉతికి తేవాలి.

వాస్తవం: వద్దు. దాని పూత వల్ల జిగురు పట్టదు. మామూలు సబ్బుపొడితో ఉతికి, పూర్తిగా ఆరబెడితే చాలు.

అపోహ: క్విల్టు అంటే మందంగా దూది ఉండాలి.

వాస్తవం: మన ఊరి ఉక్కపోతలో అంత మందం ఎవరూ కప్పుకోలేరు, పైగా విడి దూది ఉతికితే గడ్డకడుతుంది. పలుచని కాటను దుప్పటి ఒకటి మధ్యలో పెట్టి, వెనక మరో కాటను బట్ట వేస్తే మంచిది. పొరలను కలిపే కుట్టును ముక్కల అతుకుల వెంబడే వేయాలి. మందపాటి ముద్రపై పడిన సూది రంధ్రం మళ్లీ పూడదు. సూది 14 నంబరు బాల్‌పాయింటుది, అంటే మొన గుండ్రంగా ఉండేది కావాలి.

అపోహ: టికెట్లు అమ్మి లక్కీ డ్రా తీస్తే ఎక్కువ డబ్బు వస్తుంది.

వాస్తవం: ప్రభుత్వ అనుమతి లేని లాటరీ తీయడానికి కార్యాలయం గానీ స్థలం గానీ నడపడం భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షను కింద నేరం. బడి పేరు అందులోకి లాగవద్దు. వేలమే మేలు. ఫ్యూజింగ్, కాటను బట్ట, దారం, కుట్టుకూలి ఖర్చు ముందే లెక్కగట్టి, వేలంపాట ఆ మొత్తం కంటే పైనుంచి మొదలుపెట్టమని ఆ ఇద్దరు తల్లులకు చెప్పి, లెక్క రాసిన కాగితాన్ని క్విల్టుతో పాటే ఇచ్చి పంపాను.