పేరు మీది, మొహం ఎవరిది?

చిట్టీ, నానీ,

మీ ఛానెల్ చూశాను. పేరు కోసం పాకులాడొద్దని చెబుతాననుకున్నారేమో, చెప్పను. మీ తాతయ్య తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నాటకం వేసి, తెల్లారగానే పేపర్లో ఫొటో పడిందేమోనని వెతికేవారు. పని చేసినవాళ్ళకు పేరు రావాల్సిందే. 1921లో మన బెజవాడలోనే గాంధీగారికి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్యగారు 1963లో పోయారు. ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది 2009లో! అలా మరుగున పడి ఉండటమే గొప్పని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నా భయం వేరే. యూట్యూబ్‌లో షార్ట్స్ కాని మామూలు వీడియోలతో యాడ్స్ డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, ఏడాదిలో జనం మొత్తం 4,000 గంటలు చూసి ఉండాలి. ఆ లెక్కకు మనిషి నవ్వినా ఒకటే, నవ్వులపాలైనా ఒకటే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది గుర్తుందిగా. ‘ఫలానా వీధిలో మేడ మీద ముసలివాళ్ళున్నారు, పడవ పంపండి’ అని అలాంటప్పుడు పెట్టే వీడియో ప్రాణం నిలబెడుతుంది. పులిహోర పొట్లం అందుకునే ఆవిడను ‘ఇటు చూడమ్మా’ అని కెమెరా వైపు తిప్పితే అది ఎవరి కోసం? అన్నాళ్ళూ పరువుగా బతికిన మనిషి, ఆ వారం గతిలేక చెయ్యి చాపింది. నీళ్ళు తీస్తాయి, ఇల్లు కడుక్కుంటుంది, వీడియో మాత్రం ఉండిపోతుంది. రేపు ఆవిడ మనవడికి క్లాసులో ఎవడో చూపిస్తాడు. వద్దనొచ్చుగా అంటారా? ఆకలి మీదున్న మనిషి పొట్లం ఇచ్చేవాణ్ణి ఏం వద్దనగలదు? చూపించకపోతే చందాలు రావంటారు, అదీ నిజమే. సరుకులు చూపించండి, బిల్లులు చూపించండి. మొహమెందుకు?

రైలు పట్టాల మీద రీల్స్ గురించి లెక్చర్ ఇవ్వను. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద 6 నెలల వరకూ జైలు వెయ్యొచ్చు, మీ అమ్మ వేసేవి అదనం.

ఇక మీరు సోడాబండి తాత మీద తీస్తామన్న ప్రాంక్ సంగతి. ముందే అడిగితే ప్రాంక్ ఎలా అవుతుందని నాని గోల. సరే, తీశాక, పెట్టకముందు ఆయనకే చూపించండి. ఆయన నవ్వితే పెట్టుకోండి. లేదంటే ఆయన ముందే డిలీట్ చేసేయండి. తాగిన సోడాలకు డబ్బులివ్వడం మాత్రం మర్చిపోకండి.

మీ అమ్మమ్మ